జున్ను తెలిసిన ఊళ్లలో ముర్రుపాలు

ఈనిన పశువు తొలి రెండు మూడు రోజులు ఇచ్చే చిక్కని పసుపు పాలను తెలుగువారు ముర్రుపాలనీ జున్నుపాలనీ అంటారు. కాన్పు తరువాత తల్లి రొమ్ములో మొదట ఊరే పాలకు కూడా ముర్రుపాలన్నదే పేరు. భాష ఈ రెంటికీ ఒకే పేరు పెట్టింది గాని ఆచారం రెంటినీ ఒకే కంటితో చూడలేదు. తెలుగులో లభించిన తొలి శాసనంగా పండితులు గుర్తించిన, క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం వెలుగుచూసిన కడప జిల్లా కలమల్ల మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దాకా ఉన్న పల్లెల్లో ఆవో ఎనుమో ఈనితే ముందుగా దూడ కడుపు నిండాలన్న పట్టింపు ఉంటుంది, మిగిలిన పాలు బెల్లం, మిరియాలు, యాలకులతో జున్నై ఇరుగుపొరుగు ఇళ్లకు గిన్నెలలో వెళ్తాయి. బిడ్డ పుట్టినప్పుడు మాత్రం, తొలి పాలు నిలవ పాలనీ, పసికందుకు అరగవనీ తలచి వాటిని పిండి పారబోయడం, తెల్లని పాలు పడేదాకా తేనె, చక్కెర నీళ్లు, ఆముదపు చుక్క నాకించడం తెలుగునాట చాలా కుటుంబాలలో తరాల తరబడి సాగింది. దూడకు దక్కిన న్యాయం బిడ్డకు దక్కలేదన్నది కఠినమైన మాటే అయినా, ఆ పసుపు పాలలో ఏముందో తెలిసినకొద్దీ అంతకన్న మెత్తని మాట దొరకదు.

జున్ను గట్టిపడటంలోనే ఈ పాల రహస్యం కొంత బయటపడుతుంది. మామూలు ఆవుపాలను ఎంత కాచినా అవి పొంగుతాయే తప్ప గడ్డకట్టవు, ఎందుకంటే వాటి మాంసకృత్తులలో ఐదింట నాలుగు వంతులుండే కేసీన్ వేడిని తట్టుకొంటుంది. జున్నుపాలలో మాత్రం కోడిగుడ్డు తెల్లసొనలాగా వేడికి విచ్చుకొని ఒకదానినొకటి పెనవేసుకొనే మాంసకృత్తులు అధికం. పొయ్యిమీది గిన్నెలో అంచుల నుంచి మొదలై నడిమి దాకా బిగుసుకొంటూ, గరిటె తగిలితే వణికే ఆ ముద్దలో పెద్ద వాటా ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే రోగక్రిములను గుర్తుపట్టి వాటికి అంటుకొనే ప్రతిరక్షకాలు. ఆవు తొలి పూట ముర్రుపాలలో ఇవి లీటరుకు 50 గ్రాములకు పైగా ఉండవచ్చు. మొదటి పూట పాలకు మామూలు పాలు కలపకపోతే జున్ను మరీ గట్టిగా వస్తుందనీ, మూడోనాటి పాలు కుదురుగా గడ్డకట్టవనీ వంటింట్లో అందరికీ తెలిసిన అనుభవం ప్రయోగశాల లెక్కతో చక్కగా సరిపోతుంది: గంటలు గడిచేకొద్దీ ప్రతిరక్షకాలు వేగంగా తగ్గిపోతాయి.

దూడకు వీటి అవసరం ప్రాణావసరం. ఆవు మాయ, అంటే గర్భంలో తల్లికీ పిండానికీ నడుమ ఉండి పోషణ చేరవేసే అవయవం, ప్రతిరక్షకాలను దాటనివ్వదు కనుక పుట్టిన దూడ రక్తంలో అవి దాదాపు శూన్యం. దాని పేగు తొలి 24 గంటలపాటు వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకొని, ఆ తరువాత ఆ దారి మూసుకొంటుంది. మనిషి సంగతి వేరు. మానవ మాయ ఇమ్యునోగ్లోబులిన్‑జి అనే రకాన్ని గర్భం చివరి మూడు నెలలలో ముమ్మరంగా బిడ్డకు అందిస్తుంది కాబట్టి నెలలు నిండిన శిశువు రక్తం పుట్టేనాటికే కొంత ఆయుధసంపత్తితో ఉంటుంది. అందుచేత మానవ ముర్రుపాల పని రక్తాన్ని నింపడం కాదు, ఇంకా ఏ కావలీ లేని నోటిని, గొంతును, పేగును కాచుకోవడం.

పాల ద్వారా రక్షణ అందుతుందని ప్రయోగపూర్వకంగా చూపినవాడు జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. అందుకు ఆయన వాడుకొన్న విషాలు రెండూ రాయలసీమ రైతు ఎరిగిన గింజలలోనివే కావడం ఇక్కడి పాఠకునికి ఆసక్తి కలిగించే విషయం: ఒకటి ఆముదపు గింజలోని రిసిన్, రెండవది గురివింద గింజలోని అబ్రిన్. బంగారు వర్తకానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులోనూ, తక్కిన తెలుగునాట కూడా, కంసాలులు ఒకప్పుడు తూకానికి వాడిన ఆ ఎర్రని, నల్ల మచ్చ గింజే ఇది. ఎర్లిక్ ఎలుకలకు మొదట అతి స్వల్పంగా, క్రమంగా పెంచుతూ ఈ విషాలను అలవాటుచేసి, మామూలు ఎలుకను చంపే మోతాదును కూడా అవి తట్టుకొనేలా చేశాడు. 1892లో ప్రచురించిన ప్రయోగంలో ఆయన పిల్లలను మార్చి చూశాడు: విషాన్ని తట్టుకోగల తల్లి పాలు తాగిన పరాయి పిల్లలకు రక్షణ వచ్చింది, తట్టుకోలేని తల్లి దగ్గర పెరిగిన పిల్లలకు పుట్టుకతో వచ్చిన రక్షణ క్రమంగా సన్నగిల్లింది. రక్షణ పాల వల్ల కూడా సంక్రమిస్తుందన్న నిర్ణయం అప్పుడు వెలువడింది. పసిబిడ్డకు నాకించే ఆముదంలో రిసిన్ ఉండదు, నూనెలో కరగని ఆ విషం పిండిలోనే మిగిలిపోతుంది. అయితే ఆముదానికి పేగును కదిలించే గుణం ఉంది గనుక పుట్టిన రోజున అది శిశువుకు మేలుచేసే పదార్థం ఎంతమాత్రమూ కాదు. తేనెలో ఉండగల బోటులిజం సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు పిల్లలలో నరాలను చచ్చుబరచగలవు కనుక అది మరీ ప్రమాదకరం.

మానవ పాలలో అత్యధికంగా ఉండే ప్రతిరక్షకం ఇమ్యునోగ్లోబులిన్‑ఎ. ఇది రెండు ప్రతిరక్షకాలను ఒక చిన్న కొలికితో జతచేసి, దానికి స్రావఖండం అనే తొడుగు చుట్టినట్లు ఉంటుంది, ఆ తొడుగు వల్ల కడుపులోని జీర్ణరసాలకు లొంగక పేగు పొడవునా నిలిచి పనిచేయగలుగుతుంది. తొలి రోజు ముర్రుపాలలో ఇది లీటరుకు 10 గ్రాముల దాకా ఉండి, పాలు కుదురుకొన్నాక 1 గ్రాము పరిసరాలకు వస్తుంది. తాగే పాల పరిమాణం మాత్రం ఆపాటికి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి బిడ్డకు అందే మొత్తం అంతగా పడిపోదు. దీని పనితీరులోని మరొక విశేషం నెమ్మది. క్రిమిని చంపడానికి మంట పుట్టించి చుట్టూ ఉన్న కణజాలాన్ని గాయపరచకుండా, క్రిములను ఒకదానికొకటి అంటించి, పేగు గోడను అవి తాకకుండా చేసి, మలంతో పంపివేస్తుంది.

ఈ ప్రతిరక్షకాలు ఏ క్రిములకు విరుగుడుగా తయారవుతాయన్నదే ఈ విషయమంతటిలోనూ అబ్బురమైన ఘట్టం. తల్లి తాగే బోరు నీళ్లలో, పేడ చల్లిన వాకిట్లో, గొర్రెల దొడ్డిలో, పెద్ద పిల్లవాడు బడినుంచి మోసుకొచ్చే జలుబులో ఉన్న సూక్ష్మజీవులు ఆమె నోటిద్వారా పేగుకు చేరినప్పుడు, పేగు గోడలో గుంపులుగా ఉన్న రోగనిరోధక కణాలు వాటిని పరీక్షించి గుర్తుపెట్టుకొంటాయి. అలా శిక్షణ పొందిన కణాలు శోషరస నాళాల గుండా రక్తంలోకి వెళ్లి, గర్భధారణ చివరలోనూ పాలిచ్చే కాలంలోనూ రొమ్ములోని పాలగ్రంథుల చెంత స్థిరపడి, తాము చూసిన క్రిమికే సరిపోయే ఇమ్యునోగ్లోబులిన్‑ఎ తయారుచేసి పాలలోకి విడుస్తాయి. ఊపిరి దారిలో ప్రవేశించే క్రిముల విషయంలోనూ ఇదే జరుగుతుంది. బిడ్డ ఏ ఇంట్లో పాకి, ఏ మట్టి నోట్లో పెట్టుకొంటాడో ఆ ఇంటికీ ఆ మట్టికీ తగిన రక్షణ అన్నమాట. జమ్మలమడుగులో తల్లి పాలకూ హైదరాబాదులో తల్లి పాలకూ ఈ అంశంలో తేడా ఉంటుంది, ఉండాలి కూడా. తల్లికి జ్వరమో జలుబో వస్తే బిడ్డకు పాలు మాన్పించాలనే ఆత్రం ఇందువల్లనే సాధారణంగా పొరపాటు, ఎందుకంటే ఆ క్రిమికి విరుగుడు తయారై వస్తున్న సమయమూ అదే.

ప్రతిరక్షకాలతో పాటు మరికొన్ని కావలి పదార్థాలూ ఉన్నాయి. లాక్టోఫెరిన్ అనే మాంసకృత్తి ఇనుమును గట్టిగా పట్టి ఉంచి, ఇనుము లేనిదే పెరగలేని క్రిములకు దాన్ని అందనివ్వదు. ముర్రుపాలలో లీటరుకు 5 గ్రాములకు పైగా ఉండటం కద్దు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో వెల్లడించిన లైసోజైమ్ కొన్ని బాక్టీరియాల పై గోడను కత్తిరిస్తుంది, ఆవుపాలతో పోలిస్తే తల్లిపాలలో ఇది వేల రెట్లు ఎక్కువ. ముర్రుపాలలో సజీవమైన తెల్లరక్తకణాలు కూడా ఉంటాయి. అయితే వీటన్నిటికన్న లోతుగా ఆలోచింపజేసేవి ఓలిగోశాకరైడ్లనే చక్కెర గొలుసులు. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వుల తరువాత అధికంగా ఉండే ఘనపదార్థం ఇదే, కుదురుకొన్న పాలలో లీటరుకు 5 నుంచి 15 గ్రాములు, ముర్రుపాలలో 20 గ్రాములకు పైగా. ఇప్పటికి 150కి మించిన రకాలను గుర్తించారు. విచిత్రమేమిటంటే వీటిని శిశువు అరిగించుకోలేడు. తల్లి తన శరీరాన్ని ఖర్చుపెట్టి బిడ్డకు పనికిరాని చక్కెరను ఎందుకు తయారుచేస్తుందన్న ప్రశ్నకు జవాబు బిడ్డ పేగులో ఉంది: బైఫిడోబాక్టీరియా అనే మేలుచేసే జీవులు, ముఖ్యంగా ఇన్‌ఫాంటిస్ అనే ఉపజాతి, ఈ చక్కెరలనే తిని పెరుగుతూ ఆమ్లాలను విడుదలచేసి, విరేచనాలు కలిగించే క్రిములకు తావులేకుండా చేస్తాయి. పైగా పేగు గోడ మీద క్రిములు పట్టుకొనే కొక్కేలను పోలిన ఆకారం కొన్ని గొలుసులకు ఉండటం చేత, క్రిమి వాటిని పట్టుకొని మోసపోయి బయటికి పోతుంది.

పోషణ విషయానికి వస్తే, 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో సుమారు 88 పాళ్లు నీరు, 7 గ్రాముల లాక్టోజ్, 4 గ్రాముల వరకు కొవ్వు, 1 గ్రాము మాత్రమే మాంసకృత్తులు ఉండి, 65 నుంచి 70 కిలోకాలరీల శక్తినిస్తాయి. ఆవుపాలలో మాంసకృత్తులు దీనికి మూడు రెట్లు, లవణాలు కూడా మూడు రెట్లకు పైగా. ఏడాదిలోపే చెంగుచెంగున గంతులేసి కండపట్టవలసిన దూడకు అది తగును. మెదడు పెరుగుదలే ముఖ్యమై, ఒళ్లు నిదానంగా పెరగవలసిన శిశువుకు ఆ మిగులు మాంసకృత్తులూ లవణాలూ మూత్రపిండాల మీద భారం. ఈ తేడా కడప ఎండలలో ప్రత్యేకంగా పట్టించుకోదగినది. చైత్ర వైశాఖాలలో పాదరసం 40 డిగ్రీలు దాటినప్పుడు పసిబిడ్డ గొంతు ఎండుతుందని రెండు చెంచాల నీళ్లు పట్టడం ప్రేమతో చేసే పనే. కానీ లవణాలు తక్కువైన తల్లిపాలలో మూత్రానికి పోగా చెమటకు సరిపడే నీరు మిగిలే ఉంటుంది. భారతదేశపు వేడి, పొడి వాతావరణంలో తల్లిపాలు మాత్రమే తాగే శిశువుల మూత్రాన్ని పరీక్షించి 1990లో ప్రచురించిన పరిశోధన వారికి వేరే నీరు అవసరం లేదని తేల్చింది. పైగా రొమ్ము ప్రతి తడవా మొదట పలచని పాలను, పోను పోను కొవ్వు చిక్కబడిన పాలను ఇస్తుంది గనుక, ఎండవేళ బిడ్డ మాటిమాటికీ కాసేపే తాగి వదిలేస్తే దాహం తీరుతుంది. పట్టిన నీళ్లతో కడుపులో చేరేది దాహశాంతి కన్న విరేచనాల క్రిమి కావడమే ఎక్కువ.

రాయలసీమ వీధుల్లో గాడిదను తోలుకొని వచ్చి, ఉగ్గుగిన్నెడు పాలు పిండి అమ్మేవారిని ఇప్పటికీ చూడవచ్చు. ఈ వాడుకను మూఢనమ్మకమని ఒక్కమాటతో తోసివేయడం సరికాదు, ఎందుకంటే పశువుల పాలన్నిటిలోకీ లాక్టోజ్, మాంసకృత్తుల పాళ్లలో మానవ పాలకు బాగా దగ్గరగా ఉండేవి గాడిదపాలే, లైసోజైమ్ కూడా వాటిలో పుష్కలం. అయితే కొవ్వు బొత్తిగా తక్కువ కావడం వల్ల బిడ్డకు కావలసిన శక్తి వాటినుంచి రాదు. కాచకుండా పట్టిన ఏ పశువు పాలైనా రోగం మోసుకురావచ్చు. ఆ ఇంటి క్రిములకు విరుగుడైన ప్రతిరక్షకాలు గాడిద దగ్గర ఎలాగూ ఉండవు.

ఇంత చేసే పాలు తక్కువ తిండి తినే తల్లికి ఎలా వస్తాయన్న ప్రశ్నను తీవ్రంగా తీసుకొన్నవారు తెలుగునాట పనిచేసిన శాస్త్రవేత్తలు. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయిన పరిశోధనాలయంలో సి. గోపాలన్, భవానీ బెలవాడి పేద తల్లుల పాలను విశ్లేషించి 1959లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మాంసకృత్తులు, లాక్టోజ్ పెద్దగా తగ్గవు. విటమిన్లు మాత్రం తల్లి తిండిని బట్టి పడిపోతాయి. అదే సంస్థలో వినోదినీ రెడ్డి, సహచరులు 1977లో వెల్లడించిన అధ్యయనంలో పోషణ తక్కువైన తల్లుల పాలలోనూ రక్షక పదార్థాలు బాగా తిన్న తల్లుల పాలతో దాదాపు సమానంగానే కనిపించాయి. తల్లి శరీరం తనను తాను తరిగించుకొని బిడ్డ వాటాను కాపాడుతుందన్నమాట, దాన్ని మెచ్చుకొని ఊరుకోవడం మాత్రం అన్యాయం. పాలిచ్చే తొలి ఆరు నెలలు ఆమెకు రోజుకు అదనంగా 600 కిలోకాలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి నిర్దేశించింది. పచ్చి బాలింతకు పత్యం పేరిట పప్పూ ఆకుకూరా మాన్పించి, నీళ్లు కూడా కొలిచి పోసి, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టే ఇంట్లో ఆ లెక్క తల్లి కండలోంచీ ఎముకలోంచీ తీరుతుంది.

తిండి లోపం పాల ద్వారా బిడ్డ ప్రాణం తీసిన ఉదంతం కూడా ఆంధ్రదేశంలోనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర సర్కారులని పిలిచిన కోస్తా జిల్లాలలో మరపట్టిన పచ్చిబియ్యం తినే తల్లులకు థయామిన్ అనే బి1 విటమిన్ కొరవడి, వారి పాలలోనూ అది లోపించి, రెండు నుంచి ఐదు నెలల మధ్య, చూడటానికి బొద్దుగా ఉన్న బిడ్డలే గుండె పనిచేయక గంటలలో చనిపోయేవారు. కూనూరు పరిశోధనాలయానికి నాయకత్వం వహించిన ఆక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ 1941లో ఈ బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలను పరిశీలించి ప్రచురించారు. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలకు ఈ బాధ తప్పింది, ఎందుకంటే వడ్లను ఉడికించినప్పుడు తవుడు పొరలోని థయామిన్ గింజలోకి ఇంకుతుంది. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంగటి తిన్న రేనాటి, అంటే కడప ప్రాంతపు, తల్లుల తిండి గింజల్లో ఆ విటమిన్ ఎలాగూ నిలిచి ఉండేది. ఆ పళ్లేల్లోకి ఇప్పుడు తెల్లన్నం వచ్చి చేరింది కాబట్టి బాలింత తిండిలో పప్పులకూ శనక్కాయలకూ ఉన్న ప్రాముఖ్యం ముందుకన్న పెరిగింది.

పాలు చాలడం లేదన్న దిగులు మరొకటి. పాలు తయారుకావడం, పాలు దిగడం వేర్వేరు క్రియలు. బిడ్డ చప్పరించే కొద్దీ మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ప్రోలాక్టిన్ విడిచి పాలను తయారుచేయిస్తుంది. తయారైన పాలను గ్రంథులు పిండి బయటికి తోసేలా చేసేది ఆక్సిటోసిన్. ఈ రెండవ క్రియకు తెలుగులో చక్కని పేరు ఉంది, చేపు. దూడను విడిచి నాలుగు గుక్కలు తాగనిస్తే ఆవు చేపుకు వస్తుందనీ, బెదిరిన ఆవు చేపదనీ పాలు పితికే ప్రతివారికీ తెలుసు. మనిషిలోనూ నొప్పి, అవమానం, నిద్రలేమి, చుట్టూ చేరిన చుట్టాల మాటలు చేపును ఆపగలవు. పాలు లేవని పోతపాలు పట్టిస్తే చప్పరింపు తగ్గి, ఆపైన నిజంగానే తగ్గుతాయి. బెదిరిన పశువు దగ్గర చూపే ఓపికను బాలింత దగ్గర చూపిన ఇళ్లలో ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత, 2019‑21, ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగాయి గాని పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. మంత్రసానిని తప్పుపట్టే రోజులు పోయాయి, అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినట్లు తేలినప్పుడు, కోత నొప్పితో పడుకొన్న తల్లి పక్కకు బిడ్డను చేర్చి పట్టించే చేయి ఎవరిదన్నదే నేటి ప్రశ్న.

నెలలు నిండని శిశువుకు ఈ పాలు మరింత అవసరం, ఎందుకంటే మాయ ద్వారా రావలసిన ప్రతిరక్షకాలు పూర్తిగా రాకముందే పుట్టిన ఆ బిడ్డ పేగు కుళ్లిపోయే ప్రమాదాన్ని తల్లిపాలు బాగా తగ్గిస్తాయి. సొంత తల్లికి పాలు పడని బిడ్డల కోసం డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో దేశంలోనే తొలి తల్లిపాల నిధిని నెలకొల్పారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైన నిధికి ధాత్రి అని పేరు, దాది అన్న తెలుగు మాట పుట్టింది ఆ సంస్కృత పదం నుంచే. దానంగా వచ్చిన పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచి క్రిములను నశింపజేస్తారు. ఆ వేడికి ఓలిగోశాకరైడ్లు చెక్కుచెదరవు, ఇమ్యునోగ్లోబులిన్‑ఎ చాలావరకు నిలుస్తుంది, సజీవ కణాలూ కొవ్వును అరిగించే ఎంజైమూ నశిస్తాయి. కనుక దానపాలు సిద్ధంగా ఉన్నా ముందుగా సొంత తల్లి పాలకే ప్రయత్నిస్తారు. రెండు మూడు గంటలకొకసారి తల్లి చేత్తో పిండితే తొలిరోజు ఉగ్గుగిన్నె అడుగైనా నిండని ఆ పసుపు పాలను సన్నని సిరంజిలోకి తీసి, ఇంకా చప్పరించడం రాని బిడ్డకు రెండు బుగ్గల లోపలి వైపున చెరి ఒక చుక్క అద్దుతారు.